గోడకు మేకు కొట్టని చాచా

ఆషాఢం, ఆదివారం. బియ్యం ఏరడం అయింది. పచ్చడి జాడీలు తుడిచి ఎండకు పెట్టడం అయింది. ఉతికిన బట్టలు సగం ఆరేశాను. మిగతా సగం బకెట్లో ఉండగానే మా ఆయన గేటు తోసుకుని వచ్చాడు. ఎదురింటి చాచా తెల్లవారి నమాజు చేసుకుని పడుకుని, మళ్లీ లేవలేదని చెప్పాడు. ఆ బకెట్ సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయింది.

చాచా మాకు చుట్టం కాదు. బోధన్ దిక్కు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసి, అది మూతపడ్డాక నిజామాబాద్ వచ్చి మా ఎదురుగా చిన్న ఇల్లు కొనుక్కున్నాడు. ఆ ఇంట్లో ఏ గోడకూ మేకు ఉండేది కాదు. క్యాలెండర్ కిటికీ చువ్వకు వేలాడేది. గడియారం బీరువా మీద కూర్చునేది. ఫ్యాక్టరీ ఇచ్చిన క్వార్టర్లో గోడకు మేకు కొట్టాలంటే ఆఫీసులో అడగాలట. అట్లా ఉద్యోగమంతా గడిచింది, సొంత గోడ వచ్చాక కూడా ఆయనకు చెయ్యి ఆడలేదు.

"ఇల్లు రిజిస్టరైంది గని, ఈ మనిషి ఇంకా క్వార్టర్లనే ఉన్నడు," అని చాచీ వెక్కిరించేది.

ఒకరోజు నేనే సుత్తె పట్టుకుపోయి కొట్టాను. కొడుతున్నంతసేపూ చాచా గేటు దగ్గర నిలబడి అటూ ఇటూ చూశాడు. ఎవరన్నా వస్తున్నారా అని అడిగితే, ఎవరూ రారని తనకూ తెలుసని, కళ్లే వినడం లేదని నవ్వాడు.

మా అమ్మాయి డిప్లొమా అయిపోయాక హైదరాబాద్ అవతల ఒక పెద్ద ట్రాక్టర్ల కంపెనీ ఉద్యోగానికి పిలిచింది. ఆమె బ్యాగు సర్దుకుంది. మోటార్ల రిపేరు దుకాణం నడిపే మా ఆయన వద్దన్నాడు. పెద్ద కంపెనీలు నడిచినంతకాలమే మనుషులను గుర్తుపెట్టుకుంటాయని ఆయన వాదన. చివరికి చాచా నోటితోనే చెప్పిస్తానని ఆయనే వెళ్లి పిలుచుకొచ్చాడు.

చాచా తీరిగ్గా చాయ్ తాగాడు. తన పిల్లలను ఫ్యాక్టరీయే చదివించిందని, జ్వరమొస్తే దవాఖానలో మందిచ్చిందని, జీతం కోసం ఏనాడూ దేవులాడాల్సి రాలేదని చెప్పాడు. మా అమ్మాయి మొహం వెలిగింది. అన్నీ అదే చూసుకోవడంతో, మూతపడ్డనాడు కరెంటు బిల్లు ఎక్కడ కడతారో కూడా తనకు తెలియలేదన్నాడు. మా ఆయన మొహం వెలిగింది.

"పెద్ద కంపెనీల నౌకరంటే అత్తగారిల్లే బేటా. తిండికి లోటుండదు, మాటకు చోటుండదు," అన్నాడు చాచా. నవ్వు ఆపుకోలేక నేను వంటింట్లోకి పోయాను.

"గట్లయితే వద్దని చెప్పు మరి," అన్నాడు మా ఆయన.

"ఎందుకు వద్దు తమ్మీ? నా నౌకరి పోయింది. నేర్చిన పని పోయిందా? మొన్న నీ దుకాణంల ఇరుక్కున్న బేరింగ్ ఎవరు తీసిండ్రు?"

చాచా మా అమ్మాయి తల మీద చెయ్యిపెట్టి, "పో బిడ్డా. వాళ్ల కొలువుల ఉండు, వాళ్ల ఇంట్ల ఉండకు," అన్నాడు. ఆమె వెళ్లింది. కంపెనీ హాస్టల్ వద్దని, అక్కడే పనిచేసే ఇంకో అమ్మాయితో కలిసి బయట గది తీసుకుంది.

చాచా పోయాడని ఫోన్ చేస్తే ఆమె వెంటనే ఆఫీసుకు పోయింది. సెలవు అడిగితే పోయినాయన ఏమవుతాడని అడిగారట. ఎదురింటి తాత అని చెప్పిందట. రూల్సులో ఎదురిల్లు లేదు. మూడోనాటి జియారత్‌కు, సమాధి దగ్గరి ప్రార్థనకు, ఎట్లాగైనా రావాలని ఏడ్చింది. గదిలో ఉండే ఆ అమ్మాయే మా అమ్మాయి షిఫ్టు కూడా కలిపి చేస్తానంటే రాగలిగింది.

సెలవు కూడా ఇవ్వని కొలువు ఎందుకని ఆమె చాచీ ఒళ్లో తలపెట్టుకుంది. చాచీ కన్నీళ్లు తుడుచుకుని నవ్వింది. ఫ్యాక్టరీలో దీపావళికి చాచా మిగతావాళ్ల షిఫ్టులు చేసేవాడట, రంజాన్‌కు వాళ్లు ఆయనది చేసేవాళ్లట.

"సెలవు సాబు ఇయ్యడు బిడ్డా. పక్కపొంటి నిలబడ్డోడు ఇస్తడు. ఊకె ఏడ్వకు, పోయి ఆ పిల్ల షిఫ్టు చెయ్యి," అంది.

నిన్న సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. గదిలోని అమ్మాయి బోనాలకు ఊరికి పోతే, తన షిఫ్టుకు తోడు ఆమెది కూడా చేసి అప్పుడే బయటికి వచ్చిందట. కాళ్లు లాగుతున్నాయంది, ఆకలవుతుందంది, గేటు బయట మక్కకంకి కొనుక్కుందట. మాట్లాడుతూనే కొరుకుతోంది, ఆ చప్పుడు నాకు వినపడుతోంది. వెనక ఎవరో పేరు పెట్టి పిలిస్తే, వస్తున్నా అని నోటి నిండా నవ్వింది.

చాచా కోసం అప్పు తీసుకున్న ఒక షిఫ్టు: చెల్లు.