బతుకమ్మ స్పీకర్లో సీమ గొంతు

కామాఠీపురాలోని ఆ ఇరుకు గదుల చాల్ మొత్తంలో ఎవరి నోట్లోనైనా నువ్వుగింజ నానుతుందంటే అది గంగాబాయి నోట్లోనే. కడుపులో మాట దించుకోవాలంటే ఆడవాళ్లంతా ఆమె గదికే వచ్చేవారు. పక్క గది సీమ కూడా తనకు టీబీ వచ్చిందని ఆమె ఒక్కదానికే చెప్పింది. సీమ నాలుగిళ్లలో వంట చేస్తుంది. మాట పొక్కితే ఏ ఇల్లాలు పొయ్యి దగ్గరికి రానిస్తుంది?

ముందురోజు బతుకమ్మ పాటలు గంగాబాయి ఫోన్‌లోంచే మోగాయి. కింది గది మమత వచ్చి దాన్ని కింద వాకిట్లోని స్పీకరుకు బ్లూటూత్‌తో కలిపింది. ఆట అయ్యాక స్పీకరు కట్టేశారు సరే, ఫోన్‌లో బ్లూటూత్ ఎవరు ఆపారు? మర్నాడు సాయంత్రం కింద స్పీకరు పెట్టారో లేదో, పై అంతస్తులో ఉన్న ఫోను పిలవని పేరంటానికి పోయినట్టు తనంతట తనే పోయి దానికి అతుక్కుంది.

అంతలో సీమ పంపిన వాయిస్ మెసేజ్ వచ్చింది. గంగాబాయి నొక్కింది. ఫోన్‌లో చప్పుడు లేదు. "దీని పాడుగాను, మూగదైందా ఏంది?" అని సౌండు పూర్తిగా పెంచి మళ్లీ నొక్కింది.

"గంగత్తా, టీబీ గోలీలు అయిపోయినయ్. రేపు దవాఖానకు తోడు రా. పనిజేసే ఇండ్లల్ల తెలిస్తే నా కొలువు పోతది."

మాటలు కింద వాకిట్లోంచి వినిపించాయి! గంగాబాయి పడుతూ లేస్తూ మెట్లు దిగింది.

బంతిపూలు చేతుల్లోనే పట్టుకుని ఆడవాళ్లంతా ఆమె వంక చూశారు. "ఎవరత్తా అది?" అంది మమత. దగ్గి దగ్గి బొంగురుపోయిన గొంతు, పైగా ఆ స్పీకరు గరగర. ఎవరూ పోల్చుకోలేదు. ఊళ్లో చుట్టాలెవరో అంటే అయిపోయేది. అయ్యో, అంత మాత్రం తోచలేదే ఆ మహాతల్లికి!

"పాపం, సీమనేమనకుండ్రమ్మా!" అనేసింది.

మాట ఆ నాలుగిళ్లకూ పాకి, దసరా రాకముందే సీమ పనులన్నీ పోయాయి. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుని కాళ్లు పట్టుకుందామని గంగాబాయి ఆమె గదికి వెళ్లింది. కూర్చోగానే ఏడుపు తన్నుకొచ్చింది.

సీమే ఆమె కళ్లు తుడిచింది. "నువ్వేం జేస్తవత్తా? నా గొంతు వాకిట్ల ఆడోళ్లే గుర్తువట్టిన్రు. అంతా ఆ పాడు స్పీకర్ జేసింది."

గంగాబాయి సిగ్గుతో కుంచించుకుపోయింది. చెప్పాలని నోరు తెరిచింది.

"అవును బిడ్డా," అంది, "ఆ స్పీకరే మన కొంప ముంచింది."