నొప్పి తెలియని పాదాలు

నేను పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. రావులపాలెంలో మా ఇంట్లోనే, వెనక గదిలో కూర్చుని చేసుకునే పని. కూర్చుని కూర్చుని నడుము పట్టేసేది. పదేళ్లుగా ఉన్న షుగరు ఎన్ని మాత్రలు మింగినా తగ్గేది కాదు. నడవమని చెప్పనివాళ్లు లేరు గాని, పని వదిలిపెట్టి నడవడం నాకు కుదిరేది కాదు. చివరికి మా ఆయన ఒక ట్రెడ్‌మిల్ తెప్పించి, దానికి ముందువైపు వడ్రంగి చేత ఎత్తుగా ఒక బల్ల చేయించారు. ల్యాప్‌టాప్ బల్ల మీద, నేను కదిలే పట్టా మీద. మొదటి రెండు రోజులూ అక్షరాలు ఊగాయి. మూడో రోజుకి అలవాటైపోయింది.

ఉత్త కాళ్లతోనే నడిచేదాన్ని. ఆ గదికీ పూజగదికీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఇంట్లో చెప్పులేసుకుని తిరగడం నేను ఎరగను. బూట్లు వేసుకోమని మా ఆయన ఒకసారి అంటే, ఇంట్లో ముళ్లున్నాయా, రాళ్లున్నాయా అని కొట్టిపారేశాను. రోజుకి గంటతో మొదలుపెట్టి రెండు గంటలకి వచ్చాను. షుగరు తగ్గింది. దాంతో కాస్త గర్వం కూడా వచ్చింది.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. రోజూ పదింటికి వచ్చి ఇల్లు తుడుస్తుంది. ఒకరోజు నేను అప్పుడే పట్టా దిగి వంటింట్లో కాఫీ కలుపుకుంటుంటే గదిలోంచి పిలిచింది. వెళ్లి చూస్తే ట్రెడ్‌మిల్ దగ్గర్నుంచి వంటింటి గుమ్మం దాకా, తెల్లటి టైల్స్ మీద అడుగడుక్కీ ఒక మరక.

"నిన్న కూడా ఉన్నాయండి. కుంకుమేమో అనుకుని తుడిచేశాను. ఇది రక్తమండి అమ్మగారూ" అంది.

నాకు ఎక్కడా నొప్పి లేదు, నాది కాదన్నాను. ఆవిడ వినలేదు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, తను నేల మీద కూర్చుని నా కాలు ఒళ్లోకి తీసుకుంది. నాకంటే పెద్దావిడ కాలు పట్టుకునేసరికి ఇబ్బందనిపించి వెనక్కి లాక్కోబోయాను. వదల్లేదు. కుడికాలి బొటనవేలి కింద పొక్కు లేచి, చితికి, తోలు ఊడి వేలాడుతోంది. ఫోన్లో ఫొటో తీసి చూపిస్తే గాని నమ్మలేకపోయాను. పుండు పక్కన వేలితో నొక్కి తెలుస్తోందా అని అడిగింది. తెలుస్తోందన్నాను. అబద్ధమే చెప్పాను.

"మా ఆయనకీ షుగరేనండి, ఇలాగే మొదలైంది. పసుపు రాసి ఊరుకున్నాం. వేలు తీసేశారు. మీరు ఊరుకోకండి" అంది.

మా తోట గెలలు అమ్మడానికి అరటి మార్కెట్‌కి వెళ్లిన మా ఆయనకి ఫోను చేసింది కూడా తనే. గంటలో ఆయన వచ్చి నన్ను రాజమండ్రి తీసుకెళ్లారు.

అక్కడ డాక్టరుగారు పుండు కడిగి కట్టు కట్టాక, నన్ను కళ్లు మూసుకోమన్నారు. సన్నటి దారంలాంటిది పాదానికి ఆనిస్తాననీ, ఆనినప్పుడల్లా చెప్పమనీ అన్నారు. సరేనని కళ్లు మూసుకున్నాను. ఆయన ఎప్పుడు మొదలుపెడతారా అని ఎదురుచూస్తున్నాను. కాసేపటికి నేనే, మొదలుపెట్టమంటారా అండీ అని అడగబోయి కళ్లు తెరిచాను. పక్కన మా ఆయన కళ్లనిండా నీళ్లున్నాయి. డాక్టరుగారు అప్పటికి రెండు పాదాలూ పూర్తిచేసేశారు.

తిరిగొస్తూ గోదావరి వంతెన మీద కారు నెమ్మది చేసి మా ఆయన అన్నారు: "నీ కాళ్లకి తెలియకపోతే నేను చూస్తాను. రోజూ చూస్తాను."

పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. అన్నాళ్లూ ట్రెడ్‌మిల్ మీద దుప్పటి కప్పి ఉంచాం. మళ్లీ నడవొచ్చని డాక్టరుగారు చెప్పారు గాని, బూట్లు లేకుండా ఒక్క అడుగు కూడా వెయ్యనని నా దగ్గర మాట తీసుకున్నారు. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట కొనుక్కోమన్నారు. ముందువైపు వెడల్పుగా, వేళ్లు కదిలేటట్టు ఉండాలన్నారు. అలాంటివే కొన్నాం. కొన్నాక ఆ డబ్బా గుమ్మం బయటే నాలుగు రోజులు ఉండిపోయింది. పూజగది గోడ పక్కన బూట్లతో నడవడానికి నాకు మనసొప్పలేదు.

ఐదో రోజు పనిచేసే ఆవిడ ఆ డబ్బా విప్పింది. బూట్ల అడుగుభాగం తడిగుడ్డతో తుడిచి, తిన్నగా గదిలోకి తీసుకొచ్చి పట్టా మీద పెట్టింది.

"వీధి మట్టి తొక్కనివి చెప్పులెలా అవుతాయండి? ఇవి మీ కాళ్లకి మందండి" అంది.

వేసుకున్నాను. ఆ రోజు పది నిమిషాలే నడిచాను, ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తుండగా.

ఆ బూట్లు ఇంతవరకూ ఆ గది దాటలేదు. వేసుకునేముందు చెయ్యి లోపలికి పోనిచ్చి రాయి, దారప్పోగు ఏదైనా ఉందేమో తడిమి చూసుకుంటాను. రోజూ ఉతికిన నూలు మేజోళ్లు వేసుకుంటాను. ఇరవై నిమిషాలకోసారి దిగిపోతాను. సాయంత్రం తోట నుంచి రాగానే మా ఆయన కళ్లజోడు పెట్టుకుని, అద్దం పట్టుకుని నా పాదాలు చూస్తారు, వేళ్ల సందులతో సహా. మొదట్లో సిగ్గేసేది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన నా కాళ్లవైపు అంత శ్రద్ధగా చూసిన రోజు లేదు మరి.

తర్వాత నెలలో మేం చెకప్‌కి వెళ్లినప్పుడు పనిచేసే ఆవిడనీ, వాళ్లాయన్నీ మాతోపాటు కారులో తీసుకెళ్లాం. వాళ్లాయన రెండో కాలు ఎవరికీ చూపించలేదని అప్పుడే తెలిసింది. ఇన్నేళ్లుగా మా ఇంటి నేల తుడుస్తున్న మనిషిని ఆ సంగతి నేను ఒక్కసారీ అడగలేదు. డాక్టరుగారు దారం ఆనించినప్పుడు ఆయన మూడంటే మూడుచోట్లే తెలుస్తోందన్నాడు. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మూడుచోట్లయినా తెలుస్తోంది కదా అండి, అంది.