సాక్షి చెయ్యి

రాయికల్‌లో అంబేద్కర్ సంఘం గదిలోని ఇత్తడి బుద్ధుణ్ని ప్రతి పున్నమికీ తోమేది బీడీలు చేసే లసుమవ్వ. చింతపండు గుజ్జు పూసి, చెవుల మడతల్లో కూడా పీచుతో రుద్ది, కడిగి, తడి మిగలకుండా తుడుస్తుంది. నేలను తాకిన కుడిచెయ్యి భూమిని సాక్షిగా పిలుస్తోందని సంఘంవాళ్లు చెబితే అప్పట్లో ఊరకే తలూపింది. నిరుడు, మస్కట్‌లో చనిపోయిన భర్తను అక్కడే పూడ్చిపెట్టారని ఫోన్ వచ్చింది. అప్పటినుంచి ఆ చెయ్యి తోమడం మానేసింది. బుద్ధుడి ఒళ్లంతా మెరుస్తుంటే వేళ్లు మాత్రం నల్లబడ్డాయి.

ఈ పున్నమికి నీళ్లు తెచ్చిన కూతురు ప్రవళిక అడిగింది: "గా చెయ్యెందుకు ఇడిసిపెట్టినవ్ అవ్వా?"

లసుమవ్వ పీచు పక్కన పెట్టింది. "మీ నాయినను మట్టిల వెట్టంగ మనమెవ్వలం సూడలే బిడ్డా. సూసింది భూమొక్కటే. గా వేళ్లకు ఆ మట్టి అంటి ఉంటది. నేనెట్ల తోమాలె?"