ఏడో హోల్‌కు రెండో గ్రీన్

వదిన పోయిందని అన్న ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాదు ఆఫీసులో ఒక గోల్ఫ్ మైదానం పటం గీస్తూ ఉన్నాను. నెల రోజులుగా ఆయాసం ఉందట. పనికి పోవడం మానేసిందట. పొద్దున పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయిందట, కామారెడ్డి దవాఖానకు చేరేలోపే అయిపోయిందట. ఆయాసం సంగతి నాకు మాత్రం చెప్పొద్దన్నదట. బయలుదేరుతున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను. అప్పుడు నా మనసులోకి మొదట వచ్చిన మాట వింటే మీరు ఛీ అంటారు. ఇంక ఆమెను ఎవరూ ఒక్క మాట కూడా అనలేరు, అనుకున్నాను.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మంచి మాటలే రాస్తారు. నేనూ రాస్తాను, రాయకపోతే కళ్లు పోతాయి. కానీ ముందు ఒకటి ఒప్పుకోవాలి. వదిన మీద నాకు కుళ్లు. ఉండేది అనడం లేదు, ఇప్పటికీ ఉంది.

ఆమె మహారాష్ట్ర అంచున ఉన్న బిచ్కుంద నుంచి ఎల్లారెడ్డిలోని మా ఇంటికి వచ్చినప్పుడు నేను పదో తరగతి. ఆమె చదివింది ఏడు. ఆ మూడు తరగతుల తేడాను నేను ముక్కుపుడకలా పెట్టుకుని తిరిగాను. కానీ వచ్చిన వారానికే ఆమె జొన్నరొట్టెలు చేత్తో కొడుతుంటే వాడకట్టులోని ఆడవాళ్లు వచ్చి చూసేవాళ్లు. నేను కొడితే అంచులు పగిలేవి. నాట్లకు పోతే వరసలు మరాఠీలో లెక్కపెట్టేది, పక్కన కూలికి వచ్చినవాళ్లు నవ్వుకుంటూ తామూ అలాగే లెక్కపెట్టేవాళ్లు. మా అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ మంచాన పడ్డాక నేను సెలవు పెట్టి వచ్చి నీళ్లు పట్టిస్తే పెదాలు బిగించేది, వదిన వచ్చి పట్టిస్తే తాగేది. కన్నకూతుర్ని, డిప్లొమా చదివినదాన్ని, చెంబు పట్టుకుని నిలబడి చూసేదాన్ని. అవ్వ చివరి రెండేళ్లూ ఒంటి మీద ఒక్క పుండు లేకుండా చూసుకున్నది వదినే. ఆ రుణం నాకు తెలుసు. తెలిసి కూడా కుళ్లుకున్నాను.

నా చదువుకు తగ్గ ఉద్యోగమే దొరికింది. గోల్ఫ్ మైదానాలకు పటాలు గీసే ఆఫీసు. ఎల్లారెడ్డిలో ఎవరికైనా చెబితే, అదేం కొలువు, గడ్డికి పటమా, అని నవ్వేవాళ్లు. అవును, గడ్డికే. బంతిని మొదట కొట్టే చోటు నుంచి చివర జెండా పాతిన గుంత దాకా ఉన్న మొత్తం దారిని హోల్ అంటారు. ఆ గుంత చుట్టూ దుప్పటి పరిచినట్టు పొట్టిగా కోసిన పచ్చికను గ్రీన్ అంటారు. మామూలుగా ఒక హోల్‌కు ఒకటే గ్రీన్. పద్దెనిమిది హోళ్లు ఉంటే ఒక ఆట.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వచ్చే తోవలో ఒక పెద్ద ఆసామికి రాళ్లూ తుమ్మలూ ఉన్న చెల్క, నీళ్లు పారని మెట్ట నేల, ఉంది. అందరూ ఆయన్ను పెద్దసార్ అంటారు. ఆయనకు గోల్ఫ్ పిచ్చి. చెల్కలో తొమ్మిది హోళ్లకే చోటు సరిపోయింది. అందుకని మా ఆఫీసులో పెద్ద డిజైనర్ ఒక ఉపాయం చెప్పాడు: ప్రతి హోల్‌కూ రెండు గ్రీన్లు పెడదాం. మొదటి చుట్టు ఒక గ్రీన్‌కు, రెండో చుట్టు ఇంకో గ్రీన్‌కు ఆడితే తొమ్మిదే పద్దెనిమిది అవుతాయి. మిగతా రోజుల్లో ఒకటి ఆడుతుంటే ఇంకోదాని గడ్డికి విశ్రాంతి కూడా దొరుకుతుంది. మన ఎండలకు అది మంచిదే. మా ఊరి పక్కనే కాబట్టి ఆ పని నాకు అప్పగించాడు. గడ్డి నాటడానికి ఆడకూలీలు కావాలంటే నేనే వదినకు చెప్పాను. ఆమె పన్నెండు మందిని వెంటబెట్టుకుని వచ్చింది. నా కింద పని చేస్తుందిలే అని లోపల సంతోషపడ్డ మాట దాచను.

మొదటి రోజే ఆమె చేసిన పని నాకు గుర్తుంది. చెప్పులు విడిచి, గ్రీన్ల గుర్తుకు నేను మేకులు కొట్టించిన ప్రతి చోటా గొంతుక్కూర్చుని, చెంబులో నీళ్లు కొద్దిగా ఒంపి అవి ఎటు పోతున్నాయో చూసింది. నా దగ్గర అదే పని చేసే పరికరం ఉంది, మూడు కాళ్ల మీద నిలబెట్టేది. దానితో ఒక్క చోటు చూడ్డానికే అరగంట పట్టింది నాకు. ఆమె తొమ్మిది చోట్లు తిరిగి వచ్చేసింది. వాలు తెలవాలంటే దానితోని సమానంగ కూసోవాలె చెల్లె, నిలబడితే అన్నీ సాపుగనే కనవడుతయి, అన్నది. ఇవాళ నేను పని నేర్పే పిల్లలందరినీ అలాగే కూర్చోబెడతాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో మాత్రం ఏ ఒక్కరికీ చెప్పలేదు.

ఇక ఏడో హోల్. కొట్టే చోటు ఎత్తులో ఉంటుంది, మధ్యలో ఒక ఒర్రె, చిన్న వాగు, అడ్డంగా పోతుంది, కుడి వైపు ఏనుగంత రాతిగుండు ఉంది. ఒర్రె దాటాక పల్లంలో మెత్తటి నేల. అక్కడ నేను రెండు గ్రీన్లు పక్కపక్కన గీశాను, మధ్యలో ఇసుకగుంత పెట్టాను. పటంలో చూడముచ్చటగా వచ్చింది. వదిన మేకుల మధ్య అటూ ఇటూ నడిచి వచ్చింది.

“రెండు గీసినవ్ గని చెల్లె, నడిచే కాళ్లకు ఒక్కటే,” అన్నది.

నాకు మండింది. గోల్ఫ్ ఆట ఎప్పుడైనా చూశావా అని అడిగాను. చూడలేదన్నది. తర్వాత తన పుట్టింటి సంగతి చెప్పింది. బిచ్కుందలో వాళ్ల బాపు నారు రెండుసార్లు పోసేవాడట. మొదటిది నీటి చెలిమె పక్కన మెత్తటి చోట. పదిహేను రోజులకు రెండోది, దానికి దూరంగా, మెరక మీద. పక్కపక్కన పోస్తే పని తేలికే, కానీ గట్టి వాన పడితే రెండూ ఒకేసారి మునుగుతాయి, ఇంక రెండోది పోసి ఏం లాభం అనేవాడట. వేలు పెట్టి గుండును చూపించింది. దాని వెనక భుజంలాంటి మిట్ట ఉంది, ఎవరూ పట్టించుకోనిది.

“ఒకటి గాడ పెట్టు. దగ్గెరుండాలె, గని చేరనియ్యద్దు. కిందిది దూరముండాలె, గని రమ్మనాలె.”

ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఒక హోల్‌కు రెండు గ్రీన్లు ఎందుకు పెట్టాలో ఇంతకంటే బాగా ఎవరూ చెప్పగా వినలేదు. రెండూ ఒకే దెబ్బ అడిగితే అవి రెండు కావు. జెండా కింద ఉంటే ఒర్రె దాటేలా బలంగా కొట్టాలి. జెండా మిట్ట మీద ఉంటే మొదటి దెబ్బ పొట్టిగా, ఎడమకు కొట్టి, గుండు పక్క నుంచి తోవ చూసుకోవాలి. జెండా చోటు మారితే మొదటి అడుగు నుంచే ఆట మారాలి. అంతా ఆ రెండు ముక్కల్లో ఉంది. ఆ రోజు మాత్రం, నువ్వు గడ్డి సంగతి చూసుకో వదినా, అని పంపేశాను.

నాలుగు రోజులకు ముసురు పట్టింది. ఒర్రె పొంగి నా రెండు గ్రీన్ల మేకులూ కొట్టుకుపోయాయి. ఆ మర్నాడే పెద్ద డిజైనర్, పెద్దసార్ చూడ్డానికి వస్తున్నారు. పొద్దున్నే కారులో కూర్చుని పటం మీద ఒక గ్రీన్ చెరిపేసి గుండు వెనక మిట్ట మీద గీశాను. కిందిది ఒర్రెకు దూరంగా జరిపాను. వాళ్లు వచ్చాక తీసుకుపోయి చూపించాను. డిజైనర్ మిట్ట మీద చాలాసేపు నిలబడ్డాడు. మైదానం మొత్తంలో ఇదే ప్రాణం అన్నాడు. ఎవరు చూపించారు ఈ చోటు, అని అడిగాడు. వదిన పది అడుగుల దూరంలో గడ్డికట్ట చంకన పెట్టుకుని నిలబడి ఉంది.

“నేనే సార్,” అన్నాను.

వదిన గడ్డికట్టను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుని కిందికి దిగిపోయింది. మైదానం తెరిచినప్పుడు ఏడో హోల్ మొదట్లో రాతిపలక పెట్టారు. దాని మీద నా పేరు ఉంది.

మీరు అనుకునేంత సాధువు కాదు మా వదిన. మైదానం తెరిచాక పచ్చిక చూసే ఆడవాళ్లకు ఆమెను పెద్దను చేశారు. ఏ రోజు ఏ గ్రీన్‌కు విశ్రాంతి, జెండా ఎక్కడ, అన్నీ ఆమె ఇష్టం. నేను హైదరాబాదు నుంచి ఎవరెవరినో వెంటబెట్టుకుని, నా గ్రీన్ చూద్దురుగాని రండి, అని గొప్పగా తీసుకొచ్చేదాన్ని. వచ్చిన ప్రతిసారీ జెండా కింద ఉండేది. పై గ్రీన్‌లో గుంత పూడ్చేసి, చుట్టూ తాడు కట్టి ఉండేది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, మూడేళ్లు. ఆ గ్రీన్ మీద ఒక్కరు ఆడగా నేను చూడలేదు. చివరికి ఉండబట్టలేక అడిగాను, నేనొచ్చిన రోజే దానికి అలసట వస్తుందా వదినా, అని.

“గడ్డికేం ఎరుక చెల్లె, నువ్వొస్తవని,” అన్నది. ముఖంలో నవ్వు లేదు, కోపం లేదు.

ఆ రోజు ఇంటికొచ్చాక ఒప్పేసుకుందామని పొయ్యి దగ్గర కూర్చున్నాను. వదినా, ఆ రోజు సార్ అడిగినప్పుడు, అని మొదలుపెట్టాను. పెనం మీద రొట్టె మాడుతది చూడు, తిప్పు, అన్నది. తిప్పాను. ఆమె ఇంకో ముద్ద తీసుకుని కొట్టడం మొదలుపెట్టింది. నేను మళ్లీ ఎత్తలేదు, ఆమె అడగలేదు. తిట్టి ఉంటే నాలుగు తిట్లు తిని తేలికపడేదాన్ని. ఆ తేలిక నాకు ఇవ్వలేదు. అన్నకు కూడా చెప్పలేదని మొన్ననే తెలిసింది. ఒక మాటను కడుపులో అంతకాలం పెట్టుకోవడం నాకు ఈ జన్మలో రాదు. దానికీ కుళ్లే.

దినాలు అయిపోయిన మర్నాడు నేను మైదానానికి పోయాను. ఆ వేళకు పెద్దసార్ ఎవరో నలుగురు అతిథులతో ఏడో హోల్ దగ్గరే ఉన్నాడు. నన్ను చూసి దగ్గరికొచ్చి వదిన గురించి రెండు మంచి మాటలు అన్నాడు. ఇవాళ ఆమె పేరు మీద పై గ్రీన్ తెరిపిద్దాం అన్నాడు. మా మిట్ట గ్రీన్ గీసిన మనిషి ఈమెనే అని అతిథులకు నన్ను చూపించాడు. ఇంక ఆగలేకపోయాను. నేను కాదు సార్, అది మా వదిన పెట్టిన గ్రీన్, నేను అబద్ధం చెప్పాను, అన్నాను. గడ్డి పని చేసే ఆడవాళ్లు ఐదారుగురు అక్కడే ఉన్నారు, అందరికీ వినబడేలాగే చెప్పాను.

పెద్దసార్ నా భుజం తట్టాడు. “పోయినోళ్ల మీద ప్రేమ, పావురం గట్లనే ఉంటయమ్మా. నీది పెద్ద మనసు,” అన్నాడు.

అతిథులు తలలూపారు. ఒకావిడ కళ్లు కూడా ఒత్తుకుంది. జన్మకో నిజం చెబితే, అది కూడా నాకే మెప్పయింది. కాదు సార్, నిజంగానే, అన్నాను. ఆయన అప్పటికే మిట్ట ఎక్కుతున్నాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇది దుఃఖంలో అన్న మాట కాదు. మీరైనా నమ్మండి.

అందరం పైకి చేరాం. ఆడవాళ్లు తాడు విప్పేశారు. వదిన పని మానేసిన నాటి నుంచి, నెలన్నరగా, ఎవరూ తొక్కని పచ్చిక. గ్రీన్ తెరిచిన ప్రతిసారీ గుంత కొత్త చోట కోయాలి. వాలు చూసి, గాలి చూసి, కష్టంగా ఉండాలి కానీ అన్యాయంగా ఉండకూడదు. ఇన్నేళ్లూ ఆ చోటు వదినే చెప్పేదట. వాళ్లలో పెద్దామె గుంత కోసే ఇనుప గొట్టం పట్టుకుని పెద్దసార్ వైపు చూసింది. గీసినామె ఈడనే ఉన్నది కద, ఆమెనే అడుగు, అన్నాడాయన.

“ఎక్కడ కొయ్యాలె, మేడం?”

నేను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాను. గొంతుక్కూర్చుని చూశాను. ఏదో ఒక చోట వేలు పెడితే ఎవరూ కాదనరు. చెయ్యి ఎత్తలేకపోయాను. నాకు తెలియదు, అన్నాను. పెద్దసార్ ముఖంలో నవ్వు మెల్లగా పోయింది. పెద్దామె గొట్టం పట్టుకుని అలాగే నిలబడింది, మిగతావాళ్లు ఆమె చుట్టూ చేరారు. నున్నటి పచ్చిక మీద ఒక చోటుకూ ఇంకో చోటుకూ నాకు తేడా కనబడలేదు.