రాణిగారి చాయ

ఆఫ్రికా రాణిని మా బావమరిది తెల్లగా వేశాడు. మరీ సున్నం తెలుపు కాదు. పెళ్లి సంబంధాలకు పంపే ఫొటోల్లో ఉంటుందే, ఆ గులాబీ తెలుపు. నాలుగు వందల యేళ్ల నాడు పోర్చుగీసు వాళ్లను ముప్పుతిప్పలు పెట్టిన మనిషి ఆవిడ. వాళ్ల గవర్నరు కుర్చీ వెయ్యకపోతే, వంగిన పరిచారిక వీపు మీద దర్జాగా కూర్చుని మాట్లాడిందని చెబుతారు. అటువంటి మనిషికి మావాడు పౌడరు రాసేశాడు.

ఆ బొమ్మ నేను వేయించింది మా మనవరాలి కోసం. ఎనిమిదో తరగతి చదువుతోంది. బడి వార్షికోత్సవం నాటకంలో రాణి వేషమని మాటలన్నీ కంఠతా పట్టింది. తీరా వేషాలు పంచే రోజున టీచరమ్మ "రాణి అంటే కాస్త రంగుండాలి కదమ్మా" అని ఆ వేషం ఇంకో పిల్లకిచ్చి, దీన్ని వెనకాల వింజామర వీచమంది. పిల్ల ఏడవలేదు. మర్నాటి నుంచి బడికి వెళ్లే ముందు మొహానికి దట్టంగా పౌడరు కొట్టడం మొదలుపెట్టింది.

రాణులకు రంగుండాలని ఏ పుస్తకంలో రాశారు? నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. అయినా చేతికందిన పుస్తకమల్లా చదివాను, ఎక్కడా చూడలేదు. కొత్తవలసలో పాత పుస్తకాల కొట్టు నుంచి ఎప్పుడో తెచ్చుకున్న చరిత్ర పుస్తకం బీరువాలోంచి తీశాను. అందులో ఉంది రాణిగారి రంగుల బొమ్మ. తల మీద కిరీటం, మెడలో ముత్యాలు, నిగనిగలాడే నల్లని మొహం. ఆ పుస్తకం పట్టుకుని చీపురుపల్లి బస్సెక్కాను.

మా బావమరిది అక్కడ పెయింటరు. ఒకప్పుడు బజారులో బోర్డులన్నీ వాడు రాసినవే. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక, పోయినవాళ్ల పటాలు మిగిలాయి. పెద్దకర్మ ముందు ఎవరో ఒకరు బొటనవేలంత ఫొటో తెచ్చి, పెద్దది వేసిమ్మంటారు. వెళ్తూ వెళ్తూ "కొంచెం సాయ తేల్సి ఎయ్యి బాబూ" అంటారు. ఇప్పుడు అడగకపోయినా నలుపు తగ్గించి తేల్చేస్తాడు. పోయినవాళ్లకు తాను చేసే మర్యాద అదేనని వాడి నమ్మకం.

బొమ్మ పూర్తయ్యాక వాడే పాత దుప్పట్లో చుట్టి మా ఇంటికి తెచ్చాడు. మనవరాలు విప్పి చూసింది. కాసేపు చూసి, "ఈవిడ కూడా పౌడరు రాసుకుందా తాతా?" అని లోపలికి వెళ్లిపోయింది.

"ఒరే, పుస్తకంలో ఎలాగున్నాది? నువ్వేటి ఏసినావు?" అన్నాను.

"గీతలో తేడా ఉంటే సెప్పు బావా. పుస్తకం మీద గళ్లు కట్టి, గడి గడీ సూసి ఏసినాను. కిరీటంలో ఒక్క రాయి కూడా ఒగ్గలేదు."

"మొహం?"

"పదిమందీ సూసే బొమ్మ. ఆడమనిసి కదేటి, కొంచెం తేల్సినాను."

"తేల్సమని ఆవిడ నిన్నడిగిందేటి?"

"సచ్చిపోయినోలు ఎవులడుగుతారు బావా? నానే సేస్తాను."

అక్కడితో ఊరుకోవలసింది. మా మామగారు గుర్తొచ్చారు. కోటబొమ్మాళి దగ్గర పొలంలో ఎండకు కాలి కాలి, నల్లరాయిలా మెరిసే మనిషి. ఆయన పోయినప్పుడు వీడే పటం వేశాడు. అది చూసి మా అత్తగారు "ఈ దొరెవులు? నా ముసిలోడేడీ?" అంటే అంత దుఃఖంలోనూ అందరం నవ్వాం. వీడూ నవ్వాడు. కానీ ఆవిడ బతికినన్నాళ్లూ ఆ పటానికి దండ వేసిందే గానీ దానితో మాట్లాడలేదు. ఆవు ఈనిందన్నా, వాన పడిందన్నా చిలక్కొయ్యకు వేలాడే ఆయన తలపాగాతో చెప్పుకునేది.

"మీ అమ్మ ఆ పటంతో ఎందుకు మాటాడలేదో ఎప్పుడైనా ఆలోసించినావా?" అనేశాను.

వాడు టీ గ్లాసు కింద పెట్టి, బొమ్మ మళ్లీ దుప్పట్లో చుట్టుకుని వెళ్లిపోయాడు. మా ఆవిడ నా మీద లేచింది. "ఎక్కడిదో రాణి కోసం నా తమ్ముణ్ణి ఎల్లగొట్టినావు. ఇప్పుడా రాణి వొచ్చి నీకు కూర వొండుతాదేటి?"

వాడంటే నాకు మాత్రం ప్రేమ లేదా? పొలం పనివాడికి పుస్తకాలేమిటని ఊరంతా నవ్విన రోజుల్లో, నా పుస్తకాల బీరువా తలుపుల మీద, అడక్కుండానే, తీగలూ పూలూ వేసిపెట్టినవాడు వాడు. ఆ పూలు ఇప్పటికీ వెలిసిపోలేదు.

చాలా రోజులు వాడు ఫోనెత్తలేదు. చివరికి ఒక శనివారం ఎత్తాడు. పలకరింపులేమీ లేకుండా "రాణిగారి సంగతి ఏటి సేసినావురా?" అన్నాను. వాడు చెప్పిన జవాబు ఇది:

"నాకా రంగు కలపడం రాదు బావా. ఇన్నేళ్లూ ఎవులూ ఏయించలేదు, నానూ ఎయ్యలేదు. ముందు అయ్య పటం మీదే ఏసి సూసినాను. ఒకపాలి మట్టిలాగొచ్చింది, ఒకపాలి దెబ్బ తగిలి కమిలినట్టొచ్చింది. తుడిసేసినాను. రేపు పొద్దున్న నీ మనవరాలు గుంటని మీ అరుగు మీద ఎండలో కూకోబెట్టు. మొహం కడుక్కోమను, పౌడరొద్దను. దాన్ని సూసి కలుపుతాను. తెల్లరంగు డబ్బా మటుకు తెస్తన్నాను, మల్ల అరవకు. ముత్యాలకి కావాల."