గంటల బాబాయ్ ఎర్ర బిళ్ళ

గంటల బాబాయ్‌ని టైమెంతయిందని అడగకూడదు. అడిగితే చెప్పడు; "ఎక్కడ?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. ఇక్కడే బాబాయ్, మనం నిలబడ్డ చోట, అన్నా ఊరుకోడు. "మనం ఎక్కడ నిలబడ్డామో గడియారానికి తెలుసా?" అంటాడు. అలా అడిగిన పాపానికి ఆఫీసులో టెస్టరు ఒకరోజు క్యాంటీన్ మూసేదాకా ఇరుక్కుపోయి, రెండు బిస్కెట్లతో భోజనం అయిందనిపించాడు.

ఇంట్లోనూ అదే వరస. భార్య ఫోన్ చేసి "ఎన్నింటికి వస్తున్నారు?" అంటే "ఎక్కడి టైము ప్రకారం?" అంటాడు. ఆవిడ ముప్పయ్యేళ్ళుగా కాపురం చేస్తున్న మనిషి కాబట్టి తొణకదు. "ఏడింటికి తలుపు గడియ పెడతాను. ఆ ఏడు ఎక్కడిదో మీరే చూసుకోండి" అని పెట్టేస్తుంది. ఒకసారి జ్వరమొస్తే డాక్టరు "ఎప్పట్నించి?" అని అడిగాడు. "నిన్నట్నించి. అంటే, ఎక్కడి నిన్న అని మీ ఉద్దేశం?" అన్నాడు ఈయన. డాక్టరు జ్వరం మాత్రలతో పాటు తలకి స్కానింగ్ కూడా రాశాడు.

ఇదంతా నోటి దురద అనుకుంటే ఆయన కంప్యూటర్ కూడా అంతే. ఆఫీసులో ఉన్నవి తొమ్మిది కంప్యూటర్లు. ఎనిమిదింట్లో ఒకే టైము. బాబాయ్‌ది మాత్రం సరిగ్గా పదిన్నర గంటలు వెనక. అందరూ ఒంటిగంటకి భోజనానికి లేస్తే ఆయన తెర మీద తెల్లవారుజామున రెండున్నరవుతుంది. అందుకని అందరికీ గుడ్ నైట్ చెప్పి మరీ డబ్బా మూత తీస్తాడు.

ఆ ఆఫీసులో తయారయ్యేది పిల్లల టీకాల కార్డు, కాగితంది కాదు, కంప్యూటర్లో నడిచేది. ఆసుపత్రిలో పిల్ల పుట్టిన తేదీ ఎక్కిస్తే, ఏ రోజు ఏ టీకా వేయాలో అదే లెక్క కట్టి తల్లికి కబురు పంపుతుంది. కొత్తగా ఏది రాసినా, బయటికి పంపే ముందు తొమ్మిదిమందీ ఎవరి కంప్యూటర్‌లో వాళ్ళు పరీక్షలు నడపాలి. పాసైతే తలుపు పక్క బోర్డు మీద పచ్చ బిళ్ళ, ఫెయిలైతే ఎర్ర బిళ్ళ. తొమ్మిదీ పచ్చగా ఉంటేనే సరుకు గడప దాటుతుంది. ఆ బోర్డు మీద ఎర్ర బిళ్ళ కనబడిందంటే ఎవరిదని అడిగే పనే లేదు.

ఈసారి ఆ ఎర్ర బిళ్ళ పడింది కొత్త కోడలి నెత్తిన. పదేళ్ళు ఇల్లూ పిల్లలూ చూసుకుని మళ్ళీ ఉద్యోగంలోకి వచ్చిన ఆవిడకి ఆఫీసు పెట్టిన పేరది, ఏది పగిలినా ముందు ఆమె వైపే చూస్తారు గనక. ఆ లెక్కన మేనేజరమ్మకి అత్తగారనే పేరు అడక్కుండానే వచ్చింది, చాటున. కోడలు అయిదు నెలలుగా రాసిన భాగం మొదటిసారి బయటికి వెళ్ళాల్సిన వారం అది. ఆమెను ఉంచుకోవాలో పంపాలో తేల్చే రిపోర్టు కూడా ఆ శుక్రవారమే.

"ఎనిమిది చోట్ల పాసైంది మేడమ్. బాబాయ్ దగ్గరే..." అంది కోడలు.

"తొమ్మిది పచ్చలు కావాలి. లేకపోతే రిపోర్టులో ఏం రాయమంటావో నువ్వే చెప్పు" అంది అత్తగారు.

కోడలు తన రాతంతా మూడుసార్లు చదివింది. తన కంప్యూటర్‌లో ఎన్నిసార్లు నడిపినా పచ్చే. గురువారం నాడు టెస్టరు కుర్చీ జరుపుకుని వచ్చి ఉపాయం చెప్పాడు. "బాబాయ్ టీకి లేస్తాడు కదా, ఆ గడియారం మన టైముకి తిప్పెయ్. పచ్చ బిళ్ళ పెట్టెయ్. కాసేపట్లో పీడా విరగడవుతుంది."

మునిగేవాడికి గడ్డిపరకైనా ఆసరాయే. బాబాయ్ కప్పు పట్టుకుని లేవగానే కోడలు ఆయన కుర్చీలో కూర్చుని గడియారం మార్చేసింది. పరీక్షలు గడగడా పాసయ్యాయి. బిళ్ళ చేతిలోకి తీసుకుందో లేదో, వెనక నుంచి గొంతు వినబడింది.

"టైమెంతయిందమ్మాయ్?"

కోడలికి పైప్రాణాలు పైనే పోయాయి. భయంలో నోటికేదొస్తే అది అనేసింది. "ఎక్కడ బాబాయ్?"

బాబాయ్ టీ ఒలకబోసుకునేంతగా నవ్వాడు. "వచ్చేసింది! ఇన్నేళ్ళకి ఈ ఆఫీసులో ఒక్కరికి విద్య అబ్బింది! లే, లే, నీ పిల్ల సంగతి చూద్దాం."

గడియారం మళ్ళీ వెనక్కి తిప్పి, ఫెయిలైన పరీక్ష తెరిచాడు. అందులో పరీక్ష కోసం కల్పించిన ఒక పిల్ల మే ఒకటిన పుడుతుంది. తీరా కార్డు మీద చూస్తే ఏప్రిల్ ముప్పై.

"తల్లికి నొప్పులు రాకముందే పిల్ల పుట్టేసింది. ఇదేం కాన్పమ్మా?"

"నేను ఒకటో తారీఖనే రాశాను బాబాయ్!"

"ఒకటో తారీఖు మొదలయ్యే అర్ధరాత్రి, పన్నెండు గంటలు అని రాశావు. అందులోంచి పదిన్నర గంటలు తీసెయ్. ఎక్కడ తేలావు?"

కోడలు వేళ్ళ మీద లెక్కపెట్టింది. "ముందు రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నర."

"పుట్టినరోజంటే ఒట్టి తారీఖు. దానికి గంటలెవరు తగిలించారు?"

"నేనే" అంది కోడలు, నేల చూపులు చూస్తూ.

"మన కార్డు వాడే ఆసుపత్రుల్లో సగం సముద్రాల అవతల, నా గడియారం టైములోనే ఉన్నాయమ్మా. అక్కడొక తల్లి పనికి సెలవు పెట్టుకుని, చంటిదాన్ని ఎత్తుకుని పోతే, నర్సు 'ఇవాళ కాదు, రేపు రా' అంటుంది. ఆవిడ ఎవరికి చెప్పుకుంటుంది? ఇక్కడ ఎనిమిది కుర్చీలు మనవి. వాళ్ళ తరఫున ఒక్క కుర్చీ ఉండొద్దూ?"

కోడలికి సిగ్గేసింది, ఆ వెంటనే ఆ ముసలాయన మీద ఎక్కడలేని ఇష్టమూ పుట్టింది. గంటలు పీకేసి తారీఖు మాత్రం ఉంచడానికి ఇద్దరికీ గంట పట్టింది. సాయంత్రానికి బోర్డు మీద తొమ్మిది పచ్చ బిళ్ళలు చూసి టెస్టరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

కానీ అత్తగారు అంతటితో వదిలే రకం కాదు. శుక్రవారం పొద్దున్నే రిపోర్టు పట్టుకుని బాబాయ్ బల్ల దగ్గరికే వచ్చింది. "ఇంత చిన్నపిల్లల తప్పు ఎవరు రాశారు? పేరు ఎక్కించాలి" అంది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. కోడలు ఒప్పుకోడానికి నోరు తెరిచేలోగా బాబాయ్ తన తెర ఆవిడ వైపు తిప్పాడు.

"చదవండి మేడమ్. పుట్టినరోజుకి గంటలు తగిలించిన ఈ లైను ఎప్పుడు పడింది?"

"అయిదు నెలల కిందట, ఆదివారం రాత్రి పదకొండు."

"ఈ అమ్మాయి ఉద్యోగంలో చేరింది?"

"ఆ మర్నాడు. సోమవారం."

"చేరని మనిషి మీద తప్పెలా రాస్తారు? ధర్మమేనా?"

"అది మీ తెర మీద ఆదివారం, బాబాయ్ గారూ! అప్పటికి సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నర అయింది!"

బాబాయ్ కుర్చీలో వెనక్కి వాలి, చేతులు కట్టుకుని, తీరిగ్గా అడిగాడు. "ఎక్కడ?"

అత్తగారు ఆయన్ని చూసింది. గోడ గడియారం చూసింది. జవాబు చెబితే ఈ పూట భోజనం ఉండదని అర్థమై, రిపోర్టులో 'పాత తప్పు, సరిచేశారు' అని రాసి, కింద 'ఉంచుకోవచ్చు' అని సంతకం పెట్టి, గబగబా వెళ్ళిపోయింది.

కోడలు అక్కడే నిలబడిపోయింది. "ఆ లైను నేనే రాశాను బాబాయ్. చేరిన మొదటి గంటలోనే."

"తెలుసమ్మా. మొదటి గంటలో చెయ్యి వణక్కుండా ఎవరు రాస్తారు? నేను చేరిన రోజు పొరపాటున సర్వరే ఆపేశాను."

కోడలు కళ్ళు తుడుచుకుని ఫక్కున నవ్వింది. "ఎక్కడ బాబాయ్?"

గంటల బాబాయ్ చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"అన్నిచోట్లా."