అవ్వ బోనం, నా చేతి పొక్క

అరే, మొన్న బోనాలకు ఊరికి పోయి నేను జేసిన ఘనకార్యం ఇనుండ్రి. మా అవ్వ నెత్తిమీదికెల్లి పరమన్నం కారింది! ఎవలి పుణ్యం? నాదే!

నా సంగతి మీకెర్కే గదా. జనగామల స్టూడియో, ఢిల్లీ గ్యాలరీలల్ల ఎగ్జిబిషన్లు, పేపర్లల్ల ఫోటోలు. అన్నీ మూతి లేని కుండలకే! అన్ని దిక్కుల మూసేసి ఉంటయ్. బట్టీల వేడికి పగులకుండ, లోపటి గాలి పోనీకె, అడుగున దబ్బనంతోని చిన్న పొక్క పొడుస్త.

రఘునాథపల్లిల ఉండే మా అవ్వకు ఆ కుండలతోనే పరేషాన్. "నీ బిడ్డ ఏం పని జేస్తదే?" అని వాడకట్టోళ్లు అడుగుతరు. "కుండలు జేస్తది" అంటది. "మరి మీ ఇంట్ల ఒక్కటన్న కనవడదేంది?" అంటరు. మూతి లేని కుండను ఎవలికి జూపెడ్తది, పాపం!

అందుకే ఈసారి ఫోన్ జేసింది. "బిడ్డా, బోనం కుండ నేను కొనను. నువ్వే జెయ్యి. మూతి ఉండాలె, సమజైందా? నీ పని అందరు జూడాలె." నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఢిల్లీకి గూడ అంత పానం పెట్టి జెయ్యలె.

పండుగనాడు అవ్వ దానికి సున్నం, పసుపు పూసింది. వేడి వేడి పరమన్నం వోసి, పైన దీపం పెట్టి, నెత్తికెత్తుకుంది. ముంగట డప్పులు. ఇంటింటికాడ ఆగుడు, "మా బిడ్డ జేసింది, సూడుండ్రి!" అనుడు. నేను ఎనుక మస్తు ఫోజుగొట్టుకుంట నడుస్తున్న.

పోశమ్మ గుడి మలుపుకాడ, పక్కింటి రాజవ్వ పెద్దమ్మ ఒక్కసారి ఆగింది. "ఓ లచ్చవ్వా, నీ ముక్కు మీద ఏందే?"

సూస్తే పాలు! కుండ కింది సుట్టబట్ట నానింది, నొసలు నానింది, ముక్కు కొసకు బొట్టు ఏలాడుతుంది.

నాకప్పుడు సమజైంది. చెయ్యికి అలవాటైపాయె గదా! మూతి పెట్టిన కుండకు గూడ అడుగున దబ్బనం పొడిచిన! పైన పూసిన సున్నం ఇంతసేపు ఆపింది గని, ఆ వేడి పాలకు అది గూడ నాని ఊడిపోయింది.

డప్పుగొట్టేటాయనకు నవ్వాగక దరువు తప్పింది. అవ్వ మాత్రం ఆగలె. కొంగుతోని ముక్కు తుడుసుకొని, "పోశమ్మ తల్లికి తొందరైంది, తొవ్వలనే తాగుతుంది. నడువుండ్రి!" అన్నది. ఎంత ప్రేమొచ్చిందో నాకు!

ఇంటికొచ్చినంక "అవ్వా, నీ ఇజ్జత్ తీసిన" అని ఏడ్చినంత పని జేసిన. "ఊకో బిడ్డా, ఊరంత నీ కుండను జూసింది గదా" అన్నది. తెల్లారి దాంట్ల మట్టి వోసి, బంతి మొక్క పెట్టి, గడప పక్కకు పెట్టుకుంది.

నిన్న రాజవ్వ పెద్దమ్మ ఫోన్. "బిడ్డా, మీ అవ్వ బంతి మస్తు పూసింది. నీళ్లు నిలువకుండ మంచిగ పోతున్నయట. నాకు గూడ గసోంటి పూలకుండి ఒకటి జెయ్యవా? పొక్క జర పెద్దగ పెట్టు!"

ఇన్నేండ్ల కెరీర్ల మా ఊరికెల్లి నాకొచ్చిన ఫస్ట్ ఆర్డర్!